ఉద్ధరిణెడు నీళ్ళు

సబ్బు నురుగును మోచేతుల దాకా పూసుకొని, వేళ్ళ సందులూ గోళ్ళ అంచులూ మరొకమారు తోముకొని, చేతులు పైకెత్తి నీళ్ళు జారిపోయేదాకా నిలబడడం రామచంద్రమూర్తికి ఉదయసంధ్య తరువాత రెండవ అనుష్ఠానం. ఆ వేళ కూడా అలాగే నిలబడ్డాడు. నీళ్ళు మోచేతుల కొసల నుంచి తొట్టిలోకి బొట్లుబొట్లుగా రాలుతున్నాయి.

నందిగామలో ఆ ప్రైవేటు డిగ్రీ కళాశాల వారు ఆయనకిచ్చిన గది ఒకప్పుడు ఆటవస్తువుల కొట్టు. క్యారమ్ బల్లలు ఆన్చిన గోడ మీద ఇప్పటికీ నలుచదరపు మరకలున్నాయి. ఒక మూల ఒంటి వెచ్చదనాన్ని రాత్రింబవళ్ళు కాపాడే ఇంక్యుబేటరు, దాని పక్కన గాలిని వడకట్టి వదిలే గాజు అర, కిటికీ కింద సూక్ష్మదర్శిని, తలుపు వెనుక ఎప్పుడూ గురకపెట్టే ఫ్రిజ్. ఒక మనిషి పరిశోధన జీవితం ఆ కొద్దిపాటి సామాను నడుమ ఇమిడిపోయింది. ఆయన కూడా ఆ గదికి తగ్గట్టే ఉంటాడు. సన్నని మనిషి. నొసట గంధపు చుక్క. లోపలికి పోయిన చెంపలు. ఏళ్ళ తరబడి ఒంటికంటితో కటకంలోకి చూడడం వలన సగం మూసుకొన్నట్టుండే ఎడమ రెప్ప. పిల్లలు వెనుక రాళ్ళ మాస్టారంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కోపం లేదు.

ఇంక్యుబేటరు తలుపు తీసి, గుంటగుంటలుగా ఉన్న ప్లాస్టిక్ పళ్ళేన్ని రెండు చేతులా పట్టుకొని, నైవేద్యం మోసుకుపోతున్నవాడిలా గాజు అర దగ్గరకు నడిచాడు. ఆ గుంటలలో నిన్న సాయంత్రం ఆయన కణాలు పోశాడు, కణాలకు రాతిపొడి తినిపించాడు. రాత్రంతా అవి ఏం చేశాయో ఇవాళ తేలాలి.

అవి మాక్రోఫేజులు. మన ఒంటిలోకి చొరబడిన దేనినైనా మింగి అరాయించుకొనే కాపలా కణాలు. క్రిమిని మింగుతాయి, చచ్చిన సాటి కణాన్ని మింగుతాయి, పొగనుసిని మింగుతాయి. రాతిపొడిని కూడా మింగుతాయి, కానీ రాయి అరగదు. లోపలి సంచిని చీల్చి బయటపడుతుంది. కణం చస్తుంది. రాయి మళ్ళీ రాయిగానే మిగులుతుంది. మరొక కణం వచ్చి దానిని మింగుతుంది, అదీ చస్తుంది. గరళాన్ని కంఠంలోనే నిలుపుకోవడం దేవుడికి చెల్లింది. ఈ కణానికి కంఠం లేదు, ఒట్టి పొట్టే. కంకర క్రషర్లలో పనిచేసినవాళ్ళ ఊపిరితిత్తులలో ఈ చావుల వరుస, పని మానేసిన తరువాత కూడా, ఏళ్ళ తరబడి సాగుతూనే ఉంటుంది. ప్రతి చావు దగ్గరా ఒక మచ్చ కడుతుంది. చివరకు గాలికి చోటుండదు.

చచ్చేముందు ఈ కణం ఒక కేక వేయగలదు. కేకంటే గొంతుతో కాదు, ఒక రసాయనంతో. ఆ కేక విని చుట్టుపక్కల కణాలన్నీ మంటెత్తిపోతాయి. అయితే అంతకుముందు ఏ క్రిమి వాసనో తగిలి మేలుకొని ఉంటేనే కణం ఆ కేక వేస్తుందని లోకంలోని శాస్త్రజ్ఞులందరి మాట. కాదు, మా కొండల రాయి ఒక్కటే చాలు, నిద్రపోతున్న కణాన్ని తట్టిలేపి కేకపెట్టించగలదు అన్నది రామచంద్రమూర్తి కనుగొన్న విషయం. ఆయన జీవితంలో కనుగొన్న ఒకే ఒక్క విషయం.

దానికోసం ఆయన చిన్న వయసులోనే హైదరాబాదు వెళ్ళాడు. పెద్దల ప్రయోగశాలలో ఎలుకల బోనులు కడిగాడు. ఇతరుల వ్యాసాల చివర, కృతజ్ఞతలు చెప్పే వాక్యంలో తన పేరు చూసుకొని తృప్తిపడ్డాడు. ఒప్పందం ముగిసిన నాడు మరెవరూ పిలవలేదు. జగ్గయ్యపేటలో భార్య ప్రసూనాంబకు బడిపంతులు ఉద్యోగం రావడంతో పేటకు చేరి, నందిగామలో జంతుశాస్త్రం చెప్పడానికి కుదిరాడు. పోరి, దేబిరించి, ఒక పథకం కింద ఈ గది సంపాదించాడు. ఎవరూ చదవరనుకొన్న వ్యాసాన్ని దూరదేశాల వాళ్ళు చదివారు. అది అచ్చయిన దినాన వేదాద్రిలో కృష్ణ రేవు మెట్ల మీద కూర్చొని, ఇది లక్ష్మీనరసింహస్వామి ఇచ్చిన ఫలమేనని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ వ్యాసమే ఒక మందుకు దారి చూపింది. ఆ కేకను నొక్కిపెట్టే ఇంజెక్షను ఒకటి కీళ్ళజబ్బుకు ఇదివరకే వాడుకలో ఉన్నది. రాయి దానంతటదే కేకపెట్టించేట్టయితే, కేక నొక్కితే మచ్చ ఆగాలి. నగరంలోని ఒక సంస్థ వారు దానిని క్రషర్ కార్మికుల మీద ప్రయత్నించి చూడడానికి ఒప్పుకొన్నారు. మొదట పుచ్చుకోవలసినవాడు కీసర దగ్గరి ఏసురత్నం. రేపు ఉదయం సంస్థలో కమిటీ కూర్చొని అనుమతి ఇవ్వాలి. అంతా కుదిరిందనుకొన్న వేళ అక్కడి మనోజ్ఞ అనే యువ శాస్త్రజ్ఞురాలు ఫోన్ చేసింది.

"సార్, మీ రాయితో మేం చేస్తే కేక రావట్లేదు సార్. మీరేం నీళ్ళు వాడారు?"

అడగడంలో అనుమానం లేదు, వినయమే ఉన్నది. తన దగ్గరి అతి శుద్ధమైన నీటి సీసాలు కూడా పంపించి, ఒక్కసారి దానితో చేసి చూడమన్నది. నిన్న చేసినది ఆ ప్రయోగమే.

ఏం నీళ్ళు వాడాడో రామచంద్రమూర్తికి తెలుసు. ఆయనకొక్కడికే తెలుసు.

కలశంలో నీరు నింపి, నదులన్నిటినీ అందులోకి రమ్మని పిలిచి, ఆ తరువాతనే ఆ నీటిని దేవుడి పనికి వాడడం ఆయన పుట్టిన ఇంటి పద్ధతి. పిలవని నీరు ఒట్టి నీరే. గది తెరిచిన మొదటి ఉదయాన, స్వేదనజలం నింపిన పెద్ద సీసా ముందు నిలబడినప్పుడు ఆయన చేయి ఊరుకోలేదు. వేదాద్రి రేవులో మునిగి చెంబుతో తెచ్చుకొన్న కృష్ణనీరు ఒక ఉద్ధరిణెడు అందులో వేశాడు. చదువుకొన్న బుద్ధి అడ్డుపడకపోలేదు. ఆవిరి కుక్కరులో పెట్టి కాస్తాను గదా, ఏ క్రిమి మాత్రం బతుకుతుందని దానికి నచ్చజెప్పాడు. ఆ తరువాత ప్రతి కొత్త సీసాకూ అదే సంకల్పం, అదే ఉద్ధరిణె. రాతిపొడి కలిపేది ఆ నీటిలోనే. పోల్చిచూసుకోవడానికి రాయి వేయకుండా ఉంచే కణాలకు మాత్రం కంపెనీ నుంచి సీలు వేసి వచ్చిన ఉప్పునీరు పోసేవాడు. సీలు వేసిన దానికి ఆవాహన అక్కరలేదనిపించింది.

కాస్తే క్రిమి చస్తుంది. క్రిమి ఒంటి తొడుగులోని విషం ఎంత కాచినా చావదు, దాని లేశం సోకినా మాక్రోఫేజు మేలుకొంటుంది, మోతాదు మించితే రాయి లేకుండానే కేక వేస్తుంది. ఇది ఆయన ఏటేటా పిల్లలకు చెప్పే పాఠమే. పాఠం చెప్పే నోరూ ఉద్ధరిణె పట్టే చేయీ ఒకే మనిషివి. ఇన్నేళ్ళలో అవి ఒకదానికొకటి ఎదురుపడలేదు.

గుంటలలోని ద్రవాన్ని పీల్చి, కేకను పట్టి చూపే మరొక పళ్ళెంలోకి మార్చాడు. మనోజ్ఞ అడగని పని ఒకటి నిన్న తనకుతానుగా చేశాడు. ఒక వరుసలో రాయి వేయలేదు. పాత సీసాలోని నీళ్ళు మాత్రమే, ఒట్టి నీళ్ళు, కణాల మీద పోసి ఊరుకొన్నాడు. ఆ వరుసను ఆయన చూడలేదు, చూడకుండానే మూత పెట్టాడు. అది పక్వానికి రావడానికి మధ్యాహ్నం దాటుతుంది.

స్టాఫ్ రూములో ఫిజిక్సు కిషోర్‌బాబు మొహం కూడా ఎత్తకుండా పలకరించాడు.

"ఏవండీ మూర్తిగారూ, ఏమంటున్నాయి మీ కణాలు?"

"ఇంకా నోరు విప్పలేదండి."

"మా ఇంటావిణ్ణి పంపించమంటారా? గంటలో విప్పిస్తుంది."

అందరూ నవ్వారు. రామచంద్రమూర్తి కూడా నవ్వాడు. ఆ నవ్వు ముఖం మీద ఎంతసేపు ఉంచుకోవాలో తెలియక, నీళ్ళు తాగే నెపంతో లేచిపోయాడు.

పాఠం మధ్యలో జేబులో ఫోను మోగింది. వరండాలోకి వచ్చి తీశాడు. ఏసురత్నం భార్య దేవమణి.

"అయ్యగారూ, రాత్రి నించీ ఆయాసం పెరిగిపోయిందండి. నందిగామ తీసుకొచ్చి ఆస్పత్రిలో ఏశాం. మాస్కు పెట్టారు. మిమ్మల్నే అడగతన్నాడు. ఆ మందు ఎప్పుడొచ్చిద్దండీ?"

"రేపు తేలుతుందమ్మా."

"రేపు అంటే రేపేనా అండీ? బతిమాలుకుంటన్నా, చెప్పండి."

"సాయంత్రం నేనే వస్తా."

ఫోను పెట్టిన తరువాత కూడా వరండా కమ్మీని పట్టుకొనే ఉన్నాడు. హైవే మీద కంకర లారీ ఒకటి పోయింది. దాని వెనుక లేచిన దుమ్ము ఎండలో బంగారు జరీలా మెరిసి, ఎటూ పోకుండా గాలిలోనే తేలుతున్నది.

ఏసురత్నాన్ని ఆయన మొదట చూసింది ఈ గదిలోనే. విజయవాడలో డాక్టర్లు అతని ఊపిరితిత్తులు కడిగి పరీక్షకు తీసిన నీటిలో కొంత, అతని అనుమతితో, ఇక్కడకు చేరింది. తన ఒంటి నుంచి పోయినదేమిటో చూసిపోదామని అతడు కూడా బస్సెక్కి వచ్చాడు. కటకంలోకి వంగి చాలాసేపు చూశాడు. అతని కణాలే అవి. ఒక్కొక్కదాని పొట్టలో ఒక్కొక్క పలుకు సన్నగా మెరుస్తున్నది. "మా కొండే సారూ ఇది. మేం పగలగొట్టి పంపిచ్చిందంతా రోడ్లెక్కిందనుకున్నా, కొంచెం నాకూ ఉంచుకున్నానన్నమాట" అని నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. ఆనాటి నుంచి పండక్కీ పబ్బానికీ ఫోను చేసి, కణాలు ఎలా ఉన్నాయని అడిగేవాడు, తన మేకపిల్లల్ని ఎవరి దగ్గరో వదిలినట్టుగా.

ఒంటిగంట దాటాక, అన్నానికి బడి నుంచి ఇంటికొచ్చిన ప్రసూనాంబ ఫోన్ చేసింది.

"తిన్నారా?"

"తిన్నా."

"అబద్ధం. డబ్బా ఇక్కడే వదిలేశారు. గుమ్మం దగ్గర కనిపిస్తోంది నాకు." కొంచెం ఆగి మళ్ళీ అన్నది. "ఏమైందండీ? వారం నుంచి చూస్తున్నా. పేట నుంచి బస్సెక్కే మనిషొకడు, దిగే మనిషొకడు."

"ఏం లేదు. వచ్చాక చెప్తా."

"చెప్పే మొహమేనా అది" అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గది గురించి ఆవిడ ఎన్నడూ ఒక్క మాట అనలేదు. తన జీతంతో ఇల్లు నడుపుతూ, ఆయన జీతంలో సగం మందుసీసాలకు పోతున్నా పల్లెత్తు మాట అనలేదు. ఆ వ్యాసాన్ని అట్ట వేసి దేవుడి గూట్లో పెట్టుకొన్నది.

చివరి ద్రవం పోయడానికి గదిలో ఒక్కడే నిలబడ్డాడు. తలుపు గడియ వేశాడు. ఎందుకు వేశాడో తెలియదు. ఈ ద్రవం పోసిన తరువాత కేక ఉన్న గుంట నీలమవుతుంది, లేనిది తెల్లగా మిగులుతుంది. అంతే. పామరుడైనా చదవగలిగిన తీర్పు.

వరుస వెంట వరుస పోసుకుంటూ పోయి, పళ్ళేన్ని తెల్లకాగితం మీద పెట్టి, కుర్చీ లాక్కొని కూర్చొన్నాడు.

ముందుగా పాత నీటిలో కలిపిన రాయి నీలమయింది. తెలిసిన నీలమే. తొలకరి మబ్బులా అడుగు నుంచి చిక్కబడుతూ వచ్చే ఈ రంగును ఆయన ఎన్నోమార్లు చూసి పులకరించాడు. మనోజ్ఞ పంపిన నీటిలో కలిపిన రాయి మీదకు చూపు జరిపాడు. ఏమీ లేదు. కాసేపు ఆగి మళ్ళీ చూశాడు. ఏమీ లేదు. స్ఫటికంలా ఉన్నది. అంటే కణాలు రాయిని మింగాయి, చచ్చాయి, కేక మాత్రం వేయలేదు.

ఇంతదాకా మనస్సులో ఒక మూల వాదం నడుస్తూనే ఉన్నది. ఆ అమ్మాయి నీళ్ళలోనే ఏ లోపమో ఉండవచ్చు. రాతిపొడి సరిగా కలియకపోవచ్చు. ఆ వాదం నోరు మూసుకొన్నది ఎప్పుడంటే, ఆయన చూడదలచుకోని వరుస ఆయనను చూసినప్పుడు. రాయి లేని వరుస. ఒట్టి పాత నీళ్ళ వరుస. అక్కడ కూడా నీలం పుడుతున్నది. తొందర లేకుండా, సిగ్గు లేకుండా, గుంట వెంట గుంట, రాయి ఉన్న వరుసకు తోబుట్టువులా నీలమవుతున్నది.

ఆయన కదలలేదు. చేతులు ఒళ్ళో పడి ఉన్నాయి. కణాలను మేల్కొలిపింది కొండ కాదు, ఆయన. తట్టిలేపింది రాయి కాదు, చెంబులో మోసుకొచ్చిన రేవు. ఉద్ధరిణెతో ఎంత వేశాడో అంతా, కాచి చంపిన క్రిముల కాయాలతో సహా, ఆ మూగకణాల మీద ఏళ్ళ తరబడి పోస్తూ, అవి బెదిరి వేసిన కేకను కొండ పలికిందని లోకానికి చాటాడు. ఆ చాటింపు విని ఒకడు ఆసుపత్రి మంచం మీద కూర్చొని మందు కోసం ఎదురుచూస్తున్నాడు.

"స్వామీ" అనబోయాడు. ఎవరిని నిందించాలి? స్వామి పోయమన్నాడా? నది రానన్నదా? పిలిస్తే వచ్చింది. పిలవకూడని చోటికి పిలిచినవాడు తను.

చాలాసేపటికి ఫోను చేతికి తీసుకొన్నాడు.

"చెప్పండి సార్" అన్నది మనోజ్ఞ. ఆత్రంగా ఉన్నది గొంతు.

"మీ నీళ్ళల్లో ఏం రాలేదమ్మా. తెల్లగానే ఉంది."

"అయ్యో. మీ పాత నీళ్ళల్లో సార్?"

"రాయి వేసిన దాంట్లో వచ్చింది."

"అట్లాగా?" ఆ పిల్ల గొంతులోకి ప్రాణం వచ్చింది. "అయితే మా నీళ్ళే రాతిపొడిని పాడుచేస్తున్నాయేమో సార్. అది కూడా జరగొచ్చు. అట్లా ఉంటే రేపు కమిటీలో నేను వాదిస్తా. ముందు మందు మొదలుపెడదాం, నీళ్ళ సంగతి తర్వాత తేల్చుకుందాం అంటా. పేషెంట్ కండిషన్ బాలేదన్నారు కదా."

తప్పించుకొనే తలుపు తానుగా తెరుచుకొన్నది. ఆయన ఒక్క అడుగు వేయనక్కరలేదు, ఊరుకొంటే చాలు. రాయి లేని వరుస సంగతి ఆ పిల్లకు తెలియదు. ఊరుకొంటే రేపు అనుమతి వస్తుంది, ఎల్లుండికి ఇంజెక్షను వస్తుంది, ఏసురత్నం జబ్బకు సూది గుచ్చుకుంటుంది. ఆ సూది ఏం చేస్తుంది? అతని కణాలు వేయని కేకను నొక్కుతుంది. వాటికి మిగిలిన కాస్త కాపలాను కూడా నిద్రపుచ్చుతుంది. ఆ ఊపిరితిత్తులలో ఏ మూలనో క్షయ పొంచి ఉంటే, తలుపులు బార్లా తెరిచి రమ్మంటుంది. పోనీ, ఏదో ఒకటి చేశామన్న ఆశ అయినా మిగులుతుంది గదా అన్నది మనస్సు. ఆశ ఎవరికి అని తనను తానే అడిగాడు.

"సార్? ఉన్నారా?"

"ఉన్నా. రాయి లేకుండా ఒట్టి పాత నీళ్ళు పోసిన చోట కూడా నీలం వచ్చిందమ్మా."

అవతల ఎక్కడో లిఫ్టు తలుపు మూసుకొన్న చప్పుడు.

"ఆ నీళ్ళు ఎక్కడివి సార్?"

చెప్పాడు. కలశం సంగతి, ఉద్ధరిణె సంగతి, సీలు సీసా సంగతి, ఏదీ దాచకుండా. గురువు ముందు పాఠం తప్పిన పిల్లవాడిలా చెప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి సార్?"

"మొదట్నుంచీ."

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చినట్టు వినిపించింది. "రిపోర్టులో నీటి కాలుష్యం అని పెడదాం సార్. ఎవరన్నా వివరాలడిగితే నేను చూసుకుంటా. మీరు బాధపడొద్దు."

"వద్దమ్మా. నేను వేశాననే పెట్టు. నది పేరు మాత్రం పెట్టొద్దు. అది చేసిన తప్పు కాదు."

"సరే సార్. ఇక కమిటీ..." అని ఆగిపోయింది. "పేషెంటుకి నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా. నా మనిషి."

ఆసుపత్రికి నడిచే వెళ్ళాడు. కుడిచేతి వైపు పొద్దు వాలుతున్నది. సాయంసంధ్య వార్చవలసిన వేళ అయిందని శరీరం అలవాటు కొద్దీ గుర్తుచేసింది. ఆయన ఆగలేదు.

వార్డు చివర కిటికీ పక్క మంచం. ఏసురత్నం పడుకోలేదు, పడుకొంటే ఊపిరాడదు. ముందుకు వంగి, రెండు చేతులూ పరుపు మీద ఊనుకొని, బరువు ఎత్తబోయేవాడిలా కూర్చొని ఉన్నాడు. కంకర మోసిన భుజాలు ఇప్పుడు చొక్కా తగిలించే కర్రలా మిగిలాయి. ఊపిరికి ఊపిరికీ మెడ నరాలు తాళ్ళలా బిగుస్తున్నాయి. రామచంద్రమూర్తిని చూడగానే మాస్కు పక్కకు లాక్కొని కళ్ళతో నవ్వాడు.

"రండి సారూ. దేవమణీ, కుర్చీ."

"మాట్టాడొద్దన్నారుగా డాక్టరుగారు" అన్నది దేవమణి. పొడుగ్గా, గట్టిగా ఉండే మనిషి. కొంగుతో కుర్చీ తుడిచి జరిపింది. "ఇంటాడా అయ్యగారూ? పొద్దున్నించీ నర్సమ్మతో పోట్లాట."

"పోట్లాట కాదు సారూ. ఇది జూడండి." మంచం మీది నుంచి మూడు అరల ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీశాడు. ఊపిరితిత్తుల కసరత్తుకని వార్డులో ఇస్తారు. గొట్టం నోట్లో పెట్టుకొని గాలి పీలిస్తే, ఒక్కొక్క అరలో ఒక్కొక్క బంతి పైకి లేవాలి. ఏసురత్నం గొట్టం పెట్టుకొని పీల్చాడు. మొదటి బంతి అడుగున కదిలి, అంగుళం కూడా లేవకుండా తిరిగి పడింది. "చూశారా. అది నా మాట ఇనుద్ది. ఆ రెండూ కుర్రనాయాళ్ళు, కూలికొస్తారు గానీ పంజెయ్యరు" అని డబ్బాను కిటికీ గట్టు మీదకు చేర్చాడు.

రామచంద్రమూర్తి నవ్వలేకపోయాడు. కుర్చీ అంచున కూర్చొన్నాడు. దారి పొడుగునా కూర్చుకొన్న మాటలు ఏవీ అందలేదు.

"మందు రాదు ఏసురత్నం."

దేవమణి కొంగు చేతిలో పట్టుకొన్నది పట్టుకొన్నట్టే ఉండిపోయింది.

"నా లెక్క తప్పు. ఆ కేక రాయిది కాదు. నేను వాడిన నీళ్ళది. నా చేత్తో నేనే పాడుచేశా. ఆ మందు నీకు పనిచెయ్యదు. చెడు చేసినా చేస్తుంది."

ఏసురత్నం మాస్కు పెట్టుకొని కొంతసేపు గాలి పోగుచేసుకొన్నాడు. కళ్ళు మాత్రం ఈయన ముఖం మీదనే ఉన్నాయి. మళ్ళీ పక్కకు లాగి అడిగాడు.

"మరి... మనయ్యి? రాయి మింగినయ్యి?"

"మింగుతున్నాయి. అరవట్లేదు. అట్లాగే పోతున్నాయి."

"అట్లాగేనా." తల ఊపాడు. ఆ ఊపడంలో కోపం లేదు, ఊళ్ళో ఎవరో తెలిసినవాళ్ళ కబురు విన్నట్టు ఉన్నది. "క్రషరు మోతలో... ఎవుడరిచినా ఇనపడదు సారూ. మేవూ అరవడం మానేశాం."

"క్షమించు" అన్నాడు రామచంద్రమూర్తి.

"ఊరుకోండి. మీరేం రాయి కొట్టించారా?" దగ్గు వచ్చింది. దగ్గలేక దగ్గాడు. తేరుకొన్నాక భార్య వైపు చూపించాడు. "దీనికి టీ పోయించండి. పొద్దున్నించీ పచ్చిమంచినీళ్ళు ముట్టలా. నే చెబితే ఇనదు."

"నాకేం వద్దు" అన్నది దేవమణి. గొంతు పగిలింది. ఆయన వైపు తిరిగి, అంతవరకూ ఎప్పుడూ చూడనట్టు చూసింది. "ఇన్నాళ్ళూ మీ దేవుడన్నారు, మీ చదువన్నారు. నేను మా చర్చి అయ్యగారికి కూడా చెప్పుకున్నానండీ, సారుగారి మందొచ్చిద్దని. సంఘమంతా ప్రార్థన చేశారు దానికోసం."

ఆయన లేచి, టీ తెస్తానని గొణిగి, వార్డు దాటి బయటకు వచ్చాడు. గేటు ఎదుటి బడ్డీలో రెండు కాగితపు గ్లాసులలో టీ పోయించుకొన్నాడు. ఒకటి దేవమణికి. రెండవది ఈయనకోసమని బడ్డీవాడు పోశాడు గానీ, ఆయన మనస్సులో అది ఏసురత్నానిది. చేతులు కాలుతున్నా తొణకకుండా మెల్లగా నడిచి వచ్చాడు. ఏదైనా ఒక్కటి తొణకకుండా చేరవేయాలనిపించింది.

మంచం చుట్టూ పచ్చటి తెర లాగి ఉన్నది. నర్సు ఒకతె ఆక్సిజను మరను కట్టేస్తున్నది. దేవమణి ఏడవడం లేదు. భర్త చొక్కా గుండీలు పైనుంచి ఒక్కొక్కటే పెడుతున్నది.

"ఇప్పుడే అండీ" అన్నది తల ఎత్తకుండా. "మీరు గేటు దాటారో లేదో. ఒక్కసారి ఎనక్కి ఆనుకున్నాడు. రాత్రి నించీ ఆనుకోలా. నిద్ర పట్టిందనుకున్నా."

ఆయన గ్లాసులతో అలాగే నిలబడ్డాడు. టీ మీద మీగడ కట్టింది.

చీకటి పడేలోగా కీసర నుంచి బంధువులూ సంఘం పెద్దా ఒక వ్యానులో వచ్చారు. నలుగురు కలిసి ఎత్తారు. ఎంత తేలిగ్గా ఉన్నాడో అని వాళ్ళలో ఒకడు అనబోయి ఊరుకొన్నాడు. దేవమణి దుప్పటీ, చెంబూ, చెప్పులూ మూటకట్టుకొన్నది. పోతూ పోతూ ఆయన ముందు ఒక్క క్షణం ఆగింది. తిట్టబోతుందనుకొని తల వంచుకొన్నాడు. "తాగండి, చల్లారిపోయింది" అని గ్లాసు వైపు చూపి వెళ్ళిపోయింది.

వ్యాను చప్పుడు హైవే మోతలో కలిసిపోయింది. వార్డు బాయి వచ్చి పరుపు మీది గుడ్డ లాగి, పరుపు తుడిచి, మంచాన్ని తరువాతివాళ్ళకు సిద్ధం చేసి పోయాడు. కిటికీ గట్టు మీది ప్లాస్టిక్ డబ్బా మాత్రం అతనికి కనిపించలేదు. దాని గొట్టం ఖాళీ మంచం వైపుకే వంగి ఉన్నది, మూడు బంతులూ అడుగునే పడి ఉన్నాయి.